నల్లగొండ మిక్సీ డాలస్‌లో తిరుగుతుందా? ఇంటి కరెంటు సామాను విదేశాలకు తీసుకెళ్లే ముందు చూసుకోవాల్సినవి

జులై వచ్చిందంటే మా షాపుకు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. తల్లి చేతిలో మిక్సీ డబ్బా ఉంటుంది, పక్కన వీసా పనులతో అలసిపోయిన పిల్లో పిల్లాడో నిలబడి ఉంటారు. "అన్నా, బిడ్డ అమెరికా పోతుంది. ఇది అక్కడ నడుస్తదా?" అంటారు. కొంతమంది పోయి వచ్చాక వస్తారు, కాలిపోయిన సామాను సంచిలో పెట్టుకుని. వాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ నష్టం అర నిమిషం పాటు ఒక స్టిక్కర్ చదివితే తప్పేది.

నల్లగొండలో నేను మోటార్లకు రాగి తీగ చుట్టే వైండింగ్ పని, మిక్సీలు, ఫ్యాన్ల రిపేరు చేస్తాను. ఇది నాకు రోజూ చేతిలో ఉండే పని. అయినా మా అక్క కూతురి విషయంలో నేనే సగం మాట చెప్పి వదిలేశాను. డాలస్ పోయిన వారానికి ఆ పిల్ల ఫోన్ చేసింది: "మామా, మిక్సీ మూలుగుతుంది గాని తిరుగుతలేదు." "అక్కడ కరెంటు వేరు బిడ్డా, దాన్ని మన కరెంటుకు సరిపడా మార్చే ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కో" అన్నాను. ఎన్ని వాట్లదో చెప్పలేదు. మిక్సీ 750 వాట్లది. షాపులో తక్కువ ధరకు దొరికిందని 500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకుంది. పల్లి చట్నీ వరకు బాగానే నడిచింది. గారెలకు నానబెట్టిన మినప్పప్పు వేసిన రోజు గదంతా ఘాటైన వాసన. తీగ మీది వార్నిష్ కాలిన వాసన అది, నాకు ఫోన్‌లోనే అర్థమైంది. రాత్రిపూట, కొత్త దేశంలో, ఎవరూ తెలియని చోట ఆ పిల్ల ఎంత టెన్షన్ పడిందో. అందుకే ఇప్పుడు ఎవరడిగినా మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. ఇక్కడ రాస్తున్నది కూడా అదే.

ముందు మన కరెంటు సంగతి

మన ఇళ్లలో సాకెట్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టులు అంటే కరెంటును తోసే ఒత్తిడి, ట్యాంకు ఎత్తును బట్టి నల్లాలో నీళ్ల జోరు ఉన్నట్టు. హెర్ట్జ్ అంటే ఆ కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుందో ఆ లెక్క. నాగార్జునసాగర్‌లో పుట్టినా, శ్రీశైలం ఎడమ గట్టులో పుట్టినా, దామరచర్ల దగ్గర యాదాద్రి ప్లాంటులో పుట్టినా ఆ 50 మారదు. దేశమంతా ఒకే గ్రిడ్ కాబట్టి కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా మన సామాను ఎక్కడైనా పని చేస్తుంది. ఈ దేశం దాటితే ఆ భరోసా లేదు.

సరిచూసుకోవాల్సినవి మూడు: వోల్టులు, హెర్ట్జ్, ప్లగ్గు ఆకారం. చాలామంది మూడోదాని దగ్గరే ఆగిపోతారు. "అడాప్టర్ కొన్నాం కదా" అంటారు. అడాప్టర్ మార్చేది పిన్నుల ఆకారాన్ని మాత్రమే. అందులోంచి వచ్చే కరెంటు ఆ దేశపు కరెంటే. ప్లగ్గు దూరినంత మాత్రాన సామాను సరిపోయినట్టు కాదు.

పోయే దేశంలో ఏముంది

యూకే, ఐర్లండ్, దుబాయ్ సహా యూఏఈ అంతా, ఖతర్, ఒమన్, కువైట్, బహ్రెయిన్, సింగపూర్, మలేషియా: అన్నిచోట్లా 230–240 వోల్టులు, 50 హెర్ట్జ్. మన సామాను ప్లగ్గు మారిస్తే చాలు, దర్జాగా నడుస్తుంది. సాకెట్‌కు మూడు దీర్ఘచతురస్రపు కంతలు ఉంటాయి.

సౌదీలో 230 వోల్టులే గాని 60 హెర్ట్జ్. పైగా అక్కడ ఒకప్పుడు 127 వోల్టుల లైన్లు ఉండేవి. పాత బిల్డింగుల్లో ఒకే గదిలో రెండు రకాల సాకెట్లు కనబడొచ్చు. చదునైన రెండు పిన్నుల సాకెట్ కనబడితే అది ఎన్ని వోల్టులదో రూమ్‌లో పాతవాళ్లను అడగకుండా ఏదీ పెట్టకండి.

జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ వైపు 230, 50. రెండు గుండ్రటి పిన్నులు. మన సన్న పిన్నుల ఫోన్ ఛార్జర్లు చాలావరకు నేరుగా దూరతాయి. జర్మనీ, ఫ్రాన్స్ సాకెట్లు మాత్రం గుంతలా లోపలికి ఉంటాయి, ఛార్జర్ ఒళ్లు వెడల్పుగా ఉంటే పట్టదు.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో కూడా 230, 50. పిన్నులు ఏటవాలుగా ఉంటాయి.

అమెరికా, కెనడాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులే. అసలు చిక్కు ఈ దేశాలతోనే.

స్టిక్కర్ చదవడం

మిక్సీని బోర్లించండి. అడుగున, ఎర్రటి ఓవర్‌లోడ్ బటన్ దగ్గర్లో ఒక వెండి రంగు స్టిక్కర్ ఉంటుంది. వాడిన మిక్సీ అయితే దాని మీద పసుపు, ఎండిన చట్నీ పేరుకుని ఉంటాయి. తడిగుడ్డతో మెల్లగా తుడవండి. గట్టిగా రుద్దితే అంకెలే పోతాయి. ఇప్పుడు మూడు అంకెలు కనబడతాయి: 230 పక్కన 'వి', 50 పక్కన 'హెచ్‌జెడ్', 750 పక్కన 'డబ్ల్యూ' అక్షరాలు. ఇవే వోల్టులు, హెర్ట్జ్, వాట్లు. వాట్లు అంటే సామాను ఎంత కరెంటు శక్తి లాగుతుందో ఆ లెక్క. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పోయే ముందు ప్రతి వస్తువుకూ ఇదే పని చేయండి.

ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. ఇన్‌పుట్ అన్న మాట దగ్గర 100–240 అని, 50/60 అని ఉంటుంది. మధ్యలో గీత ఉంటే ఆ రెంటి మధ్య ఎంతైనా పరవాలేదని అర్థం. ఇలాంటి వస్తువు ప్రపంచంలో ఎక్కడైనా పని చేస్తుంది, ప్లగ్గు ఒక్కటి కుదిరితే చాలు. ఫోన్ ఛార్జర్లు, ల్యాప్‌టాప్‌లు, కెమెరా ఛార్జర్లు, చాలా ట్రిమ్మర్లు ఈ కోవలోవే. "చాలా" అన్నాను, "అన్నీ" అనలేదు. ట్రిమ్మర్ స్టిక్కర్ చూడకుండా పెట్టెలో వేయకండి.

ఒక్క 230 మాత్రమే ఉందంటే అది మన కరెంటుకే పుట్టింది. 220–240 అని గీతతో ఉన్నా అంతే. గీత చూసి మోసపోవద్దు, గీతకు ఎడమ పక్క 100 లేదా 110 ఉందా అన్నదే చూడాలి.

వేడి ఇచ్చేవి

ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్, కెటిల్, వేణ్నీళ్ల రాడ్ లాంటి వాటిలో ఉండేది వేడెక్కే కాయిల్. వోల్టేజీ సగానికి తగ్గితే వేడి సగం కాదు, పావు వంతుకు పడిపోతుంది. 1000 వాట్ల మన ఇస్త్రీ పెట్టె అమెరికా సాకెట్‌లో సుమారు 270 వాట్లే ఇస్తుంది. కాలిపోదు గాని చొక్కా మడత కూడా పోదు. రైస్ కుక్కర్‌లో బియ్యం ఉడక్క, నానిన ముద్దలా మిగులుతుంది. వీటికోసం ట్రాన్స్‌ఫార్మర్ కొనడం దండగ. అక్కడ కొత్తది కొనడమే చవక, పెట్టెలో బరువు కూడా మిగులుతుంది.

వేణ్నీళ్ల రాడ్ మాత్రం ఏ దేశానికీ తీసుకెళ్లొద్దు. 230 వోల్టులున్న చోట అది పని చేస్తుంది, ప్రమాదం కూడా అక్కడే. ఎర్తింగ్ లేని అడాప్టర్, నీళ్ల బకెట్, తడి చేయి కలిశాయంటే ప్రాణం మీదికి వస్తుంది.

అమెరికా యూనివర్సిటీ హాస్టల్ అయితే ముందు అక్కడి రూల్స్ చదవండి. గదిలో రైస్ కుక్కర్, కాయిల్ పొయ్యి లాంటివి చాలా హాస్టళ్లలో ఒప్పుకోరు. గల్ఫ్‌లో కంపెనీ ఇచ్చే క్యాంపుల్లోనూ గదిలో వంట మీద ఆంక్షలు ఉంటాయి.

మోటరు ఉన్నవి: మిక్సీ, గ్రైండర్

దీని మీద ఎక్కువసేపు ఆగుతాను. మన ఆడవాళ్లకు మిక్సీ లేని వంటిల్లు ఊహకు అందదు. అక్కడి బ్లెండర్ పండ్ల రసానికి తప్ప నానిన మినప్పప్పుకు, ఎండుకొబ్బరికి, పల్లి పొడికి లొంగదు. అందుకే అందరూ ఇక్కడి నుంచే మోసుకెళతారు.

యాసంగిలో ఊరంతా బోర్లు ఒక్కసారి ఆన్ చేస్తే చివరి ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటర్లు ఏమవుతాయో మన రైతులకు చెప్పక్కర్లేదు. లో వోల్టేజీకి మోటరు గుంయ్ మని మూలుగుతుంది, తిరగదు, కాసేపటికి వైండింగ్ కాలుతుంది. 120 వోల్టులకు పెట్టిన మన మిక్సీది దాదాపు అదే పరిస్థితి. ఖాళీ జార్‌తో మెల్లగా తిరుగుతుంది, దాంతో "నడుస్తుంది" అనుకుంటాం. పప్పు వేయగానే బ్లేడు పట్టేస్తుంది. మోటరు తిరుగుతున్నంతసేపు తనలోకి వచ్చే కరెంటును ఆ తిరగడమే అదుపులో పెడుతుంది. తిరగకుండా ఆగిపోతే ఆ అదుపు పోతుంది, వైండింగ్ తీగ వేడెక్కి పైనున్న వార్నిష్ కరుగుతుంది. మూలుగు వినగానే స్విచ్ ఆపేయాలి. "కొంచెం సేపు చూద్దాం" అనుకున్న ఆ కొంచెం సేపే దాన్ని కాలుస్తుంది.

హెర్ట్జ్ సంగతికొస్తే, మిక్సీలో కార్బన్ బ్రష్షుల (తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్కల) మోటరు ఉంటుంది. దానికి 50 అయినా 60 అయినా పెద్ద తేడా లేదు. కాబట్టి సౌదీలో 230 సాకెట్‌కు మన మిక్సీ పెట్టుకోవచ్చు. వెట్ గ్రైండర్, టేబుల్ ఫ్యాన్, ఫ్రిజ్ అలా కాదు. వాటి మోటరు వేగం హెర్ట్జ్‌ను పట్టుకుని నడుస్తుంది. 50 మీద నిమిషానికి 1500 చుట్ల లెక్కన కట్టిన మోటరు 60 మీద 1800 వైపు లాగుతుంది. వేగం పెరిగితే మంచిదే కదా అనిపిస్తుంది గాని, రాళ్ల బరువు మోసే మోటరుకు అది అదనపు భారం. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులనే మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చలేదు. అందుకే మన వెట్ గ్రైండర్‌ను ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి అమెరికాలో నడపమని నేను ఎవరికీ చెప్పను.

అమెరికా, కెనడా పోయేవాళ్లకు నా మాట ఒక్కటే: 110 వోల్టుల మిక్సీ కొనండి (అక్కడి 120కి నడిచేవాటినే 110 అని అమ్ముతారు). మన కంపెనీలే ఆ దేశాల కోసం 110 వోల్టులు, 60 హెర్ట్జ్ మోడళ్లు చేస్తున్నాయి. గ్రైండర్లూ దొరుకుతాయి. అక్కడి ఇండియన్ స్టోర్లలో, ఆన్‌లైన్‌లో ఉంటాయి. ఇక్కడి ధర కంటే ఎక్కువే, కాదనను. కానీ 230 మిక్సీ, సరైన ట్రాన్స్‌ఫార్మర్, విమానంలో బరువు అన్నీ కలిపి చూస్తే తేడా పెద్దగా మిగలదు, భయం మాత్రం పూర్తిగా పోతుంది. ఇక్కడే 110 మోడల్ కొని తీసుకెళ్లేవాళ్లు ఇంట్లో దాన్ని మన సాకెట్‌కు పెట్టి "పని చేస్తుందా" అని పరీక్ష చేయొద్దు. అలా చేసిన మిక్సీలు నా టేబుల్ మీదికి వచ్చాయి.

యూకే, గల్ఫ్, ఆస్ట్రేలియా పోయేవాళ్లు మాత్రం ఉన్న మిక్సీని నిశ్చింతగా తీసుకెళ్లండి. దాంతోపాటు ఒక చిన్న కవర్‌లో ఒక జత కార్బన్ బ్రష్షులు, జార్ బ్లేడును తిప్పే కింది కప్లర్, జార్ మూతల రబ్బర్లు పెట్టుకోండి. మీ మోడల్‌వే కావాలి. అక్కడ మిక్సీ చెడిపోయేది చాలాసార్లు వీటి దగ్గరే. మన దగ్గర నూరు రూపాయలకు అటూ ఇటూ దొరికేదానికి అక్కడ ఊరంతా తిరగాల్సి వస్తుంది. ప్రెషర్ కుక్కర్ తీసుకెళితే గాస్కెట్, సేఫ్టీ వాల్వు కూడా. కుక్కర్ అడుగుకు ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి అంటించి చూడండి. అంటకపోతే ఇండక్షన్ పొయ్యి మీద అది పనికి రాదు. యూరప్ ఇళ్లలో గ్యాస్ పొయ్యి ఉంటుందన్న గ్యారంటీ లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ తప్పదనుకుంటే

కొందరికి అమ్మ కొనిచ్చిన మిక్సీయే కావాలి. ఆ మనసును నేను కాదనలేను. అలాంటప్పుడు జాగ్రత్తగా కొనండి.

120ని 230 చేసే స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కొన్నింటికి స్టెప్ అప్, స్టెప్ డౌన్ రెండూ ఒకే డబ్బాలో ఉండి, వెనకాల ఒక స్విచ్ ఉంటుంది. అది ఎటు ఉందో చూడకుండా ప్లగ్గు పెట్టొద్దు. వాట్లు సామాను వాట్లకు కనీసం రెట్టింపు ఉండాలి. మోటరు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. 750 వాట్ల మిక్సీకి 1500 వాట్లు, కుదిరితే 2000. మా అక్క కూతురికి ఆ రోజు చెప్పాల్సింది ఈ ఒక్క వాక్యం.

మరీ పెద్దది కొన్నా లాభం లేదు. అమెరికా ఇళ్లలో మామూలు సాకెట్ 15 ఆంపియర్లది (ఆంపియర్లు అంటే తీగలో పారే కరెంటు లెక్క), అంటే 1800 వాట్లకు మించి ఇవ్వదు. మీ ట్రాన్స్‌ఫార్మర్ 3000 వాట్లదైనా గోడలోంచి వచ్చేది అంతే.

కన్వర్టర్ అని చేతిలో పట్టేంత తేలికైన డబ్బాలు కూడా అమ్ముతారు. వేడి ఇచ్చే సామానుకు, కొద్ది నిమిషాలకు తప్ప అవి పనికి రావు. మోటరుకు గాని, వైద్యానికి వాడే యంత్రాలకు గాని పెట్టొద్దు. అసలు ట్రాన్స్‌ఫార్మర్‌ను చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది: లోపల ఇనుము, రాగి తీగ ఉంటాయి కాబట్టి కిలోల కొద్దీ బరువుంటుంది. ఇక్కడి నుంచి మోయకండి, అక్కడే కొనండి. సామాను వాడకపోయినా అది కొంత కరెంటు తింటూ వెచ్చబడుతుంది కాబట్టి పని కాగానే గోడ దగ్గర ప్లగ్గు పీకేయండి. కార్పెట్ మీద, కర్టెన్ పక్కన పెట్టొద్దు.

ప్లగ్గు, ఎర్తింగ్

మన త్రీపిన్ టాప్‌లో పైన లావుగా ఉండేది ఎర్త్ పిన్ను. మిక్సీ లోపల తీగ తెగి దాని ఒంటికి తగిలితే ఆ కరెంటును భూమిలోకి పంపేది అదే. ప్రయాణాలకు అమ్మే చాలా యూనివర్సల్ అడాప్టర్లలో ఎర్త్ కంత ఉన్నట్టే కనబడుతుంది గాని లోపల ఇత్తడి ముక్క ఉండదు. ఫోన్ ఛార్జింగ్‌కు పరవాలేదు. ఇస్త్రీ పెట్టెకు, రైస్ కుక్కర్‌కు వద్దు. కొనేటప్పుడు ఎర్త్ ఉందని రాసి ఉందా, ఎన్ని ఆంపియర్లకు ఇచ్చారు అన్నవి చూడండి. సామాను ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో తెలియాలంటే వాట్లను వోల్టులతో భాగించండి. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 230 మీద నాలుగున్నర లోపు, 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దాదాపు 9. చిన్న అడాప్టర్ ఆ 9ని మోయలేక కరుగుతుంది.

గల్ఫ్‌లో, యూకేలో ఒక అలవాటు చూసి నాకు భయమేస్తుంది. అక్కడి సాకెట్‌లో కింది రెండు కంతలకు లోపల మూతలుంటాయి, పైన ఎర్త్ పిన్ను దూరితేనే తెరుచుకుంటాయి. పిల్లలు వేలు పెట్టకుండా చేసిన ఏర్పాటు అది. మనవాళ్లు పై కంతలో పెన్నో స్క్రూడ్రైవరో గుచ్చి మూతలు తెరిచి, మన రెండు పిన్నుల ప్లగ్గును దూర్చేస్తారు. వదులుగా నిలబడిన ఆ పిన్నుల దగ్గర రాత్రంతా చిటపటలాడుతూ నిప్పురవ్వలు వస్తుంటాయి. నాలుగు దిర్హాముల అడాప్టర్ కోసం మంచం పక్కన ఆ పని చేయకండి తమ్ముడూ.

ఏళ్ల తరబడి ఉండబోయేవాళ్లు అడాప్టర్ మానేసి ప్లగ్గే మార్పించుకోండి. గోధుమ రంగు తీగ ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు చారల తీగ ఎర్త్. చేయి తిరిగినవాళ్లతోనే చేయించండి. యూకే ప్లగ్గు లోపల ఫ్యూజ్ ఉంటుంది: 700 వాట్ల లోపు సామానుకు 3 ఆంపియర్లది, అంతకు మించితే 13. మిక్సీకి 5 ఆంపియర్లది దొరికితే అదే మేలు.

ల్యాప్‌టాప్ ఛార్జర్‌కు ఇంకా సులువైన దారి ఉంది. ఇటుక లాంటి ఆ డబ్బాకు గోడ వైపు తీగ ఊడి వస్తుంది కదా, ఆ తీగ ఒక్కటే అక్కడి ప్లగ్గుతో కొనుక్కోండి. అడాప్టర్ అవసరమే ఉండదు.

అమ్మానాన్నలు పోతుంటే

పిల్లల దగ్గరికి ఆరు నెలలు పోయే పెద్దవాళ్ల పెట్టెలో మందును ఆవిరిలా పీల్చుకునే నెబ్యులైజర్, బీపీ మిషన్, నిద్రలో ముక్కుకు పెట్టుకునే సీప్యాప్ ఉంటాయి. బీపీ మిషన్ బ్యాటరీలతో నడిచేదైతే చింత లేదు. సీప్యాప్‌లు ఎక్కువగా 100–240 మీద నడిచేవే, అయినా స్టిక్కర్ చూడాలి. మోటరుతో గాలి కొట్టే నెబ్యులైజర్ మాత్రం చాలావరకు 230, 50 మీదే నడుస్తుంది. అమెరికా పోతుంటే, డాక్టర్‌ను అడిగి బ్యాటరీతో నడిచే మెష్ రకం తీసుకోండి, లేదా అక్కడ కొనమని పిల్లలకు ముందే చెప్పండి. దగ్గు మొదలైన రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ వెతుక్కునే పరిస్థితి రాకూడదు. వీటిని చేతి సంచిలోనే పెట్టుకోండి.

పవర్ బ్యాంకు కూడా చేతి సంచిలోనే ఉండాలి. లగేజీలో వేస్తే శంషాబాద్‌లోనే పెట్టె తెరిపిస్తారు. 100 వాట్-అవర్ల లోపు ఉండాలి. మామూలుగా అమ్మే 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్-అవర్లు, కాబట్టి ఇబ్బంది లేదు.

తిరిగి వచ్చేటప్పుడు

అక్కడి 120 వోల్టుల సామాను ఇక్కడ పెడితే లెక్క తిరగబడుతుంది. వేడి పావు వంతుకు పడిపోవడం కాదు, మూడున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. హెయిర్ డ్రయ్యర్ ఒక్క క్షణం ఎర్రగా మెరిసి ఆగిపోతుంది. కాఫీ మిషన్లు, మసాజర్లు, కరెంటు కుక్కర్లు ఇలా ఎన్నో పోయాయి. అక్కడి ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా తేవద్దు. సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ) నుంచి కాపాడటానికి అందులో పెట్టిన చిన్న భాగం 230ని చూసి అదే పొగ కక్కుతుంది.

ప్రేమగా తెచ్చినదాన్ని పారేయలేం. దానికి 230ని 110 చేసే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు, వాట్లు పైన చెప్పినట్టే రెట్టింపు. మా అక్క కూతురు పోయిన సంక్రాంతికి వాళ్లమ్మకు కాళ్ల మసాజర్ తెచ్చింది. నేను దాని ప్లగ్గుకు ఎర్ర టేపు మూడు చుట్లు చుట్టి, మార్కర్‌తో 120 అని రాసి, ట్రాన్స్‌ఫార్మర్‌కు కూడా అదే ఎర్ర టేపు వేశాను. అక్కకు చదువు రాదు. ఎర్రది ఎర్రదానిలోనే పెట్టాలని మాత్రం చెప్పాను.